పన్ను రసీదు ప్లాను కాదు

ఇల్లు - అనుమతులు: సందేహాలు, సమాధానాలు

కొత్తగా ఇల్లు మొదలుపెట్టేవాళ్ల ఉత్తరాలు ఈమధ్య తగ్గాయి. వస్తున్నవన్నీ ఎప్పుడో కట్టేసిన ఇళ్ల గురించే. అమ్ముదామంటే బ్యాంకువాళ్లు కాగితాలు చాలవన్నారని ఒకరు, పైన గది వేసుకుందామంటే పాత ప్లాను అడిగారని మరొకరు, పక్కింటాయన ఫిర్యాదు చేశాడని ఇంకొకరు. ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చాం. ఊళ్ల పేర్లు ఉంచి, రాసినవారి పేర్లు తీసేశాం.

*ప్ర: 2011లో 200 గజాల్లో ఉన్న రెండంతస్తుల ఇల్లు కొన్నాం. అమ్మినాయన దగ్గర కింది అంతస్తుకే ప్లాను ఉంది. పైది 2004 ప్రాంతంలో వేశాడట. పైవాటాకు వేరే మీటరుంది, నల్లా ఉంది. రెండింటికీ ఏటా ఇంటి పన్ను కడుతున్నాం. దస్తావేజులో కూడా రెండంతస్తులనే రాశారు. ఇప్పుడు మా అబ్బాయి లోనుకు వెళ్తే బ్యాంకు ఇంజినీరు వచ్చి చూసి పై అంతస్తు అక్రమం అంటున్నాడు. ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగనిది ఇప్పుడెలా అక్రమమైంది? - ఉప్పల్*

జ: ఇప్పుడు కాలేదండీ. స్లాబు పోసిన రోజునుంచీ అదే స్థితిలో ఉంది, అడిగినవాళ్లు లేరంతే.

మీరు చెప్పిన కాగితాలన్నీ నిజమైనవే. అయితే వాటిలో ఏదీ నిర్మాణ అనుమతి కాదు. రిజిస్ట్రేషన్ శాఖ చూసేది ఎవరు ఎవరికి అమ్మారు, స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టారా అన్నది. కరెంటు సంస్థ చూసేది మీటరు. ఇక ఇంటి పన్ను. మున్సిపాలిటీయే కదా వసూలు చేసేది, దానికి తెలియకుండా ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. పన్ను వేసే విభాగం వేరు, ప్లాను ఇచ్చే టౌన్‌ప్లానింగ్ విభాగం వేరు. కట్టడం ఉంటే చాలు, అది సక్రమమా అక్రమమా అని చూడకుండా పన్ను వేయవచ్చు. పైగా అక్రమానికి అదనంగా వేస్తారు కూడా. అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా) అతిక్రమణ 10 శాతంలోపు ఉంటే పన్నుపై 25 శాతం, అది దాటితే 50 శాతం, అనుమతే లేని అంతస్తుకైతే 100 శాతం పెనాల్టీ వేసే నిబంధన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఒకసారి మీ డిమాండు నోటీసు బయటికి తీసి పైవాటా లెక్క చూడండి. పన్ను ఎంతో పెనాల్టీ అంతే పడి ఉంటే, ఆ అంతస్తుకు ప్లాను లేదని మున్సిపాలిటీకి ఎప్పుడో తెలుసన్నమాట. ఆ పెనాల్టీ ఎన్నేళ్లు కట్టినా అది క్రమబద్ధీకరణ కిందికి రాదని చట్టంలోనే స్పష్టంగా ఉంది.

బ్యాంకులు ఇప్పుడు గట్టిగా పట్టుకోవడానికి ఒక కారణముంది. మీరట్‌లో నివాసానికి కేటాయించిన ప్లాటులో దుకాణాలు కట్టిన కేసులో 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అధికారులు ఏళ్ల తరబడి ఊరుకున్నారని, లక్షలు ఖర్చయ్యాయని అక్రమం సక్రమమైపోదని తేల్చింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే భవనం మీద అప్పివ్వాలని బ్యాంకులకు చెప్పింది. కరెంటు, నీటి కనెక్షన్లకూ అదే షరతు పెట్టింది. మీ దగ్గరికొచ్చిన ఇంజినీరు సొంతంగా కనిపెట్టిందేమీ లేదు.

మీరు చేయగలిగింది ఇది. తెలంగాణలో 2015 నవంబరు 2న జీవో 152తో బీఆర్ఎస్ (భవనాల క్రమబద్ధీకరణ) పథకం వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 28 నాటికి ఉన్న కట్టడాలకు అది వర్తించేది. మీ పై అంతస్తు 2004 నాటిది కాబట్టి ఆ పరిధిలోకి వస్తుంది. అప్పట్లో మీరు దరఖాస్తు పెట్టారా? పెట్టి మరిచిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. పెట్టి ఉంటే ఆ రసీదు వెతకండి. ఆ దరఖాస్తులు హైకోర్టు వ్యాజ్యాల్లో చిక్కుకున్నాయి, అయినా రసీదుకు విలువుంది. పెట్టకపోయి ఉంటే లైసెన్స్ ఉన్న ఇంజినీరుతో ఇల్లు మొత్తం కొలిపించి, ఇప్పటి నిబంధనలకు ఎంత సరిపోతుందో ఎంత మించిందో డ్రాయింగు వేయించండి. ఆ డ్రాయింగు చేతిలో లేకుండా టౌన్‌ప్లానింగ్ ఆఫీసుకు వెళ్తే రేపు రమ్మంటారు. లోను సంగతికొస్తే, స్థలానికీ కింది అంతస్తుకూ మాత్రమే విలువ కట్టి ఇస్తారేమో అడగండి.

*ప్ర: మా తాతగారు 1960ల్లో కట్టిన పెంకుటిల్లు. ప్లాను అనేది ఆ రోజుల్లో ఎవరూ అడగలేదట. దూలాలు బాగానే ఉన్నాయి గానీ వాసాలు చెదలు పట్టాయి, వర్షాకాలం నాలుగు గదుల్లో బిందెలు పెడుతున్నాం. పైకప్పు మార్చాలన్నా పర్మిషన్ కావాలా? తీసేసి స్లాబు వేసుకోమని మేస్త్రీ అంటున్నాడు. - తెనాలి*

జ: అమ్మా, మేస్త్రీ మాటకు తలూపకముందు ఇది చదవండి.

వాసాలు మార్చి, పెంకులు తిరగనేయించుకుంటే అది మరమ్మతు. జాతీయ భవన నిర్మాణ కోడ్, అంటే 2016 నాటి ఎన్‌బీసీ, ఏయే పనులకు అనుమతి అక్కర్లేదో ఒక పట్టిక ఇచ్చింది. పెంకులు నేయడం, పైకప్పు తిరిగి కప్పడం, గచ్చు మార్చడం, పూతలు, సున్నాలు, రంగులు, కిటికీలూ తలుపులూ పెట్టడం లేదా మూయడం, లోపల అడ్డుగోడలు, ఫాల్స్ సీలింగు అందులో ఉన్నాయి. గాలివానకు కూలిన భాగాన్ని అంతకుముందున్న మేరకే తిరిగి కట్టుకోవడం కూడా ఉంది. ఒక షరతుంది: వెలుతురు, గాలి, ఖాళీ జాగా వంటి నిబంధనలకు ఆ పని అడ్డు తగలకూడదు. పక్కింటి పెరట్లోకి కొత్తగా కిటికీ తెరిచి, ఇది మరమ్మతే కదా అంటే కుదరదు. పని మొదలుపెట్టే ముందు మున్సిపల్ ఆఫీసులో ఒక తెల్లకాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఫోటోలు తీసి పెట్టుకోండి.

స్లాబు వేస్తే మాత్రం కథ మారిపోతుంది. పెంకు బరువు మోసే మట్టి గోడలు, సున్నపు గోడలు కాంక్రీటు బరువు మోయవు. పిల్లర్లు లేపాలి, పునాది తవ్వాలి. అప్పుడది కొత్త కట్టడమే, ప్లాను తప్పదు. ప్లాను పెట్టగానే ఇప్పటి సెట్‌బ్యాకులు వచ్చి కూర్చుంటాయి. తాతగారు హద్దుమీదే గోడ లేపి ఉంటారు. ఒకవైపు అది పక్కవారితో ఉమ్మడి గోడ కూడా అయి ఉండవచ్చు. కొత్త ఇంటికి అలా కుదరదు, చుట్టూ జాగా వదలాలి. రోడ్డు దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. మీ సందు ఇప్పుడు 18 అడుగులే ఉండి, అక్కడ 30 అడుగులుండాలని నిబంధన చెబితే, సందు మధ్యగీత నుంచి మీవైపు 15 అడుగులు లెక్కగడతారు. ఇప్పుడున్న 9 పోను మీ స్థలంలో 6 అడుగులు రోడ్డుకు వదిలి, ఆ తర్వాత ముందు సెట్‌బ్యాక్ వదలాలి. వీధి అరుగు, వసారా అందులోనే పోతాయి. చిన్న స్థలమైతే మిగిలేది చూసి గుండె గుభేలుమంటుంది.

అందుకే నా మాట: ఇల్లు నిలబడగలిగినంతకాలం మరమ్మతుతోనే నెట్టుకురండి. ఈలోగా ఇల్లు పాతదని చూపే ఆధారాలు పోగేయండి. మున్సిపాలిటీ పాత పన్నుల రిజిస్టరు నకలు, తాతగారి పేరున్న దస్తావేజు, కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీ, పెళ్లి ఫోటోల్లో వెనకాల కనబడే వసారా అయినా సరే. ఇళ్ల క్రమబద్ధీకరణ పథకాలన్నీ 1985 జనవరి 1 తర్వాతి కట్టడాలను లెక్కలోకి తీసుకున్నాయి. మీది అంతకన్నా ముందుదని నిరూపించుకోగలగడం రేపు పనికొస్తుంది.

*ప్ర: ఎండకు, వానకు తాళలేక మేడమీద ఇనుప గొట్టాలతో రేకుల షెడ్డు వేశాం. గోడల్లేవు. దీనికీ పర్మిషనా? - విజయవాడ*

జ: గోడల్లేకుండా, బట్టలారేసుకోవడానికో నీడకో వేసిందైతే సాధారణంగా ఎవరూ రారు. రాకపోవడం అనుమతి కాదు, అది వేరే సంగతి. రేకుల కింద ఇటుక గోడ లేచి, తలుపు పెట్టి, లోపల బాత్రూము కట్టి, "బ్యాచిలర్స్‌కు మాత్రమే" అని బోర్డు తగిలిస్తే అది అనుమతి లేని అంతస్తు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది వంటివి మాత్రమే అంతస్తు లెక్కలోకి రావు. అద్దె వస్తుంది కదా అని చాలామంది దాన్ని పెంట్‌హౌస్ అంటారు. పేరు బాగుంది గానీ ప్లానులో ఉండదు.

అపార్ట్‌మెంటు మేడమీదైతే ఇంకో చిక్కుంది. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం మేడ అందరి ఉమ్మడి ఆస్తి. పై ఫ్లాటు కొన్నవారికి టెర్రస్ హక్కులు కూడా ఇచ్చామని బిల్డరు రాసిచ్చిన కాగితాన్ని నమ్ముకుని గది వేసినవాళ్లు మున్సిపాలిటీతోను, మిగతా ఫ్లాట్లవాళ్లతోను ఒకేసారి పోట్లాడాల్సి వస్తుంది.

*ప్ర: 180 గజాల్లో 2009లో ప్లాను తీసుకుని కింద, పైన కట్టాం. మూడో అంతస్తుకని మేడమీద కడ్డీలు వదిలాం. ఇప్పుడు వేద్దామంటే పాత ప్లాను కాపీ అడుగుతున్నారు, మాది ఎక్కడో పోయింది. ప్లాను లేకుండా వీలవుతుందా? - కరీంనగర్*

జ: ప్లాను పోయినంత మాత్రాన అనుమతి పోదు. మంజూరు ఫైలు మున్సిపాలిటీలో ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో, ఇంటి నంబరు, 2009లో ఎవరి పేరు మీద ప్లాను తీసుకున్నారో రాసి ధ్రువీకృత నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పట్లో ప్లాను గీసిన ఇంజినీరు ఊళ్లోనే ఉంటే ముందు ఆయన్ని కలవండి. అదే తేలిక.

నకలు వచ్చాక దాన్ని ఇంటి చుట్టూ తిప్పి చూడండి. ప్లానులో పక్కవైపు వదలాల్సినంత వదిలారా? ప్లానులో లేని వంటగది వెనక సెట్‌బ్యాక్‌లో తేలితే పై అంతస్తు అడగ్గానే అదే ముందు బయటపడుతుంది. తెలంగాణలో 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లోనే అనుమతి ఇస్తారు. 2020 నవంబరులో టీఎస్-బీపాస్‌గా మొదలైన ఆ పద్ధతి ఇప్పుడు బిల్డ్‌నౌ పేరుతో నడుస్తోంది. వెంటనే అనుమతి వస్తుంది కదా అని సంబరపడకండి. స్వీయ ధ్రువీకరణంటే తప్పు రాస్తే బాధ్యత మీదే. వాళ్లు తర్వాత వచ్చి కొలుచుకుంటారు. ఎత్తు 7 మీటర్లు దాటితే కొన్ని కొలతల స్థలాల్లో పక్క సెట్‌బ్యాక్ కూడా పెరుగుతుంది. రెండంతస్తులకు సరిపోయిన ఖాళీ మూడింటికి చాలకపోవచ్చు.

ఇప్పుడు ఆ కడ్డీలు. పదిహేనేళ్లు ఎండకు ఎండి వానకు తడిసిన కడ్డీ ఎలా ఉంటుందో మేడెక్కి చూడండి. చేత్తో రుద్దినప్పుడు ఎర్రటి పొడి మాత్రమే రాలితే ఫర్వాలేదు, వైర్ బ్రష్షుతో గీకి శుభ్రం చేస్తారు. పొరలు పొరలుగా రేగి, స్లాబు అంచున కడ్డీ నడుము సన్నబడి ఉంటే దానిమీద పిల్లరు లేపకూడదు. అక్కడి కాంక్రీటు కొంత బద్దలుకొట్టి మంచి కడ్డీ దొరికేదాకా వెళ్లి కొత్త కడ్డీ కలపాలి. మన ఊళ్లలో అప్పట్లో గోడ మందానికి సరిపోతుందని తొమ్మిదంగుళాల పిల్లర్లు పోసేవారు. రెండంతస్తులకు పోసిన పిల్లరు, పునాది మూడో దాన్ని మోస్తాయా అన్నది మేస్త్రీ కంటిచూపుతో తేల్చే విషయం కాదు. ఒకటి రెండు పిల్లర్ల దగ్గర పునాది దాకా గుంట తవ్వించి, పిల్లరు మీద రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి చూసి, స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కవేయాలి. ఆయనిచ్చే స్థిరత్వ ధ్రువపత్రం దరఖాస్తుతో పాటు పెట్టండి. సంతకానికి మాత్రమే డబ్బు తీసుకుని ఇంటికి రాని ఇంజినీరు దొరికితే పరమానందం పడేవాళ్లున్నారు. ఆ అంతస్తు కింద పడుకునేది మీరని గుర్తుంచుకుని, వచ్చి చూసే మనిషినే పెట్టుకోండి.

*ప్ర: నగర శివారులో పంచాయతీ పర్మిషన్ ఉన్న ఇల్లు చూశాం. ధర తక్కువే. ఆ ఊరు ఇప్పుడు మున్సిపాలిటీ అయింది. సర్పంచి సంతకం, ముద్ర ఉన్నాయి. కొనవచ్చా? - హైదరాబాద్*

జ: ధర ఎందుకు తక్కువో ముందు అది కనుక్కోండి.

పంచాయతీ ఇచ్చే అనుమతికి హద్దులున్నాయి. చిన్న ఇళ్లకు ఇవ్వగలదు గానీ లేఅవుట్‌ను ఆమోదించే అధికారం దానికి లేదు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పరిధిలోని ఊళ్లలో లేఅవుట్ ఆమోదం ఆ సంస్థదే. కాబట్టి ఇంటి అనుమతి కంటే ముందు ప్లాటు చరిత్ర చూడాలి. ప్లాటుకు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్ ఉందా? తెలంగాణలో 2020 ఆగస్టు 31న జీవో 131తో వచ్చిన పథకం ఆ నెల 26 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు వర్తిస్తుంది. మీ ఇంటి ప్లాటు అందులోకి రాకపోతే ఇల్లు ఎంత అందంగా ఉన్నా కింద నేల కదులుతోందన్నట్టే.

ఇక సర్పంచి సంతకం. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయాక పాత తేదీతో అనుమతులు పుట్టుకొచ్చిన సందర్భాలు శివార్లలో ఎన్నో బయటపడ్డాయి. కాగితం మీది నంబరును మున్సిపాలిటీకి అప్పగించిన పంచాయతీ రిజిస్టరులో వెతికించండి. ఫీజు రసీదు ఉందా? కార్యదర్శి సంతకం ఉందా? అనుమతి 2014 నాటిదని రాసి ఉంటే గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తిప్పి చూడండి. 2018లోనూ అక్కడ చేనే కనబడితే ఇక మాట్లాడేదేముంది.

అన్నిటికన్నా ముందు చెరువు. 2012 భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగు, నాలాకు 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు. నీటిమట్టం గీత లోపలి ఇంటికి పంచాయతీ పర్మిషన్ ఉన్నా, బ్యాంకు లోను ఉన్నా నిలబడదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఈ సంగతి చాలామందికి టీవీలో చూసి తెలిసింది. ఎండాకాలంలో స్థలం చూసి కొనకండి, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి.

*ప్ర: పక్కింటివాళ్లతో గోడ తగాదా ఉంది. వాళ్లు ఫిర్యాదు చేశారు, మాకు మున్సిపాలిటీ షోకాజ్ నోటీసు వచ్చింది. ప్లాను ఉంది గానీ పక్కవైపు కొంచెం తగ్గించి కట్టాం. కూల్చేస్తారా? - నిజామాబాద్*

జ: నోటీసును బీరువాలో పెట్టకండి. తేదీలోపు రాతపూర్వకంగా, ప్లాను నకలు జతచేసి జవాబివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబులో పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో రాయవద్దు, ఫైలులో దానికి చోటు లేదు. ఎవరిని పట్టుకుంటే పనవుతుందన్న ఆలోచన కూడా ఇప్పుడు వద్దు.

"కొంచెం" అంటే ఎంతో కొలవండి. అన్నీ దాని మీదే ఉన్నాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ముందు సెట్‌బ్యాక్ తప్ప మిగతా వైపుల్లో 10 శాతం వరకూ లోటును రుసుము తీసుకుని సర్దే వీలు నిబంధనల్లో ఉంది. మీరు 1.5 మీటర్లు వదలాల్సి ఉండి 1.35 వదిలితే ఆ పరిధిలోనే ఉన్నారు. 1.2 వదిలితే లోటు 20 శాతం, అక్కడ ఆ దారి మూసుకున్నట్టే. రుసుము తక్కువేమీ కాదు. అతిక్రమించి కట్టిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ లెక్క ప్రకారం స్థలం విలువంతా కట్టాలి.

కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మీకు అండ. ముందస్తు షోకాజ్ నోటీసు లేకుండా కూల్చకూడదు. నోటీసు అందాక 15 రోజులు లేదా స్థానిక చట్టం చెప్పిన గడువు, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత సమయమివ్వాలి. మీ మాట విని కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి, ఆ తర్వాత కూడా 15 రోజులు ఆగాలి. రోడ్డు, కాలిబాట, నదులు, జలాశయాలను ఆక్రమించినవారికి మాత్రం ఈ రక్షణ లేదు. ఆ 15 రోజులు పక్కింటివాళ్లతో రాజీకి కూడా సరిపోతాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే నోటీసు పోదు గానీ, వెంటపడేవాళ్లు తగ్గుతారు.

*ప్ర: గుంటూరులో అమ్మానాన్నల ఇల్లు. ప్లాను రెండంతస్తులకు, 2016లో మూడోది వేశారు. నాన్నగారు పోయారు. అమ్మను మా దగ్గరికి తెచ్చుకుందామని ఇల్లు అమ్మకానికి పెట్టాం, కొనేవాళ్లు మూడో అంతస్తు గురించి అడుగుతున్నారు. ఇక్కడినుంచే చేయగలమా? - డల్లాస్, అమెరికా*

జ: చేయవచ్చు, కానీ వరస తప్పకండి. ముందు వారసత్వం తేల్చాలి. నాన్నగారి పేరుమీదున్న ఇంటికి క్రమబద్ధీకరణ దరఖాస్తు ఆయన పేరుతో పెట్టలేరు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, మున్సిపాలిటీలో పన్ను పేరు మార్పించండి. మీ వాటా తరఫున అక్కడ పని చూసేవారికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే అమెరికాలో భారత కాన్సులేట్ ధ్రువీకరణతో పంపండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు రిజిస్ట్రారు దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో భవనాల క్రమబద్ధీకరణకు బీపీఎస్ పథకం పలుమార్లు వచ్చింది. 2007 డిసెంబరు 31న జీవో 901తో ఒకసారి, 2019 జనవరిలో ఇంకోసారి, తాజాగా 2025 నవంబరులో. తాజాదానిలో 2025 ఆగస్టు 31 వరకూ కట్టినవి వస్తాయి కాబట్టి మీ మూడో అంతస్తు అర్హత పరిధిలోనే ఉంది. దరఖాస్తు గడువు ఇంకా ఉందో లేదో గుంటూరు కార్పొరేషన్‌లో కనుక్కుని కదలండి. కింద పార్కింగు కోసం వదిలిన స్టిల్టును నాన్నగారు గదిగానో దుకాణంగానో మార్చి ఉంటే ముందు దాన్ని తీయించండి. పార్కింగు మాయమైన ఇంటికి, రోడ్డు వెడల్పులో పోయే ఇంటికి ఈ పథకాలు సాధారణంగా వర్తించవు. ఆరోపణలు, కోర్టు కేసులు ఉంటే అవి కూడా దరఖాస్తులో దాచకుండా రాయండి.

కొనేవారితో ఒప్పందం రాసుకునేటప్పుడు బీపీఎస్ రుసుము ఎవరు కడతారో, దరఖాస్తు తిరస్కరిస్తే బయానా తిరిగివ్వాలా వద్దా అన్నది తప్పక రాయించండి.